పిల్లల్లో అంటురోగాలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బడులు తెరుస్తారు, వెనకే వానలు మొదలవుతాయి. జులై నాటికి ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు రారు, వచ్చినవాళ్లలో సగం మందికి ముక్కు కారుతూ ఉంటుంది. ఆ రోజుల్లో అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్నలే ఇవి. మందుల మోతాదులు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి బిడ్డ బరువును బట్టి డాక్టరు రాయాల్సినవి.

బడిలో చేరినప్పటి నుంచీ మా బాబుకు నెలకోసారి జలుబే. ఇమ్యూనిటీ తక్కువా?

చాలావరకు కాదు. ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. ప్లేస్కూలుకో అంగన్‌వాడీకో వెళ్లే మొదటి ఏడాది ఇంకో రెండు మూడు ఎక్కువే వస్తాయి. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి, ఒకటి పోగానే ఇంకొకటి తగులుకుంటుంది. మధ్యమధ్యలో బాగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. బరువు పెరగకపోయినా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా, చెవిలో చీము తగ్గకపోయినా అప్పుడు పరీక్ష చేయించాలి.

ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే సిరప్పులు, పొడులు మాత్రం డబ్బు దండగ. ఆ డబ్బుతో రోజూ ఒక గుడ్డు పెట్టండి.

ఇంతకీ ఇవి పిల్లల మధ్య ఇంత వేగంగా ఎలా పాకుతాయి?

ఒక్కో రోగానికి ఒక్కో దారి ఉంటుంది. ఆ దారి ఏదో తెలియకుండా ఎన్ని జాగ్రత్తలు పడినా శ్రమే మిగులుతుంది. డెంగీ వచ్చిన పిల్లాడికి కంచం, గ్లాసు వేరు పెట్టి లాభం లేదు, అది దోమ లేకుండా పక్కవాడికి పోదు. తట్టు వచ్చిన పిల్లను క్లాసులో వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టినా అంతే, అది గాలిలోనే ఉంటుంది.

జలుబు, ఫ్లూ, కోరింత దగ్గు, గవదబిళ్లలు, కంఠసర్పి (డిఫ్తీరియా) దగ్గినా తుమ్మినా పడే తుంపర్లతో వస్తాయి. తట్టు, ఆటలమ్మ, టీబీ గాలిలో తేలుతూ వస్తాయి. విరేచనాలు, టైఫాయిడ్, నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్లు, నులిపురుగుల దారి వేరు: మలం నుంచి చేతికి, నీటికి, తిండికి, అక్కడి నుంచి నోటికి. గజ్జి, పేలు ఒంటికి ఒళ్లు తగిలితే వస్తాయి.

ఈ మలం దారి ఎంత సులువో చూడాలంటే ఏదైనా చిన్నపిల్లల బడిలో మంచినీళ్ల బిందె దగ్గర పది నిమిషాలు నిలబడండి. బిందె మీద మూత, మూత మీద ఒకే స్టీలు గ్లాసు. పిల్లాడు మూత తీసి గ్లాసు ముంచుతాడు. బిందె సగానికి తగ్గి ఉంటే మణికట్టు దాకా చెయ్యి నీళ్లలోకి పోతుంది. తాగగా మిగిలినవి మళ్లీ బిందెలోకే. ఉదయం శుద్ధి చేసిన నీళ్లే పోసి ఉండొచ్చు, ఇంటర్వెల్ అయ్యేసరికి అవి అందరి చేతులూ కడిగిన నీళ్లు. కుళాయి ఉన్న డ్రమ్ము గానీ, పొడుగు కాడ గరిటె గానీ పెడితే ఈ దారి మూసుకుపోతుంది. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగేముందు ఈ ఒక్క మాట అడగండి.

శానిటైజర్ సీసా బ్యాగులో పెట్టి పంపుతున్నాం. చాలదా?

చాలదు. మట్టి అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లనూ నులిపురుగుల గుడ్లనూ ఏమీ చేయలేదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు కావాలి. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో రుద్దాలి. దొడ్డికి వెళ్లొచ్చాక, అన్నం ముందు: ఈ రెండు వేళల్లో కడిగితే చాలా జబ్బులు తగ్గుతాయి. బడిలో కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో కనుక్కోండి. చాలాచోట్ల కుళాయి ఉంటుంది గానీ సబ్బు ఉండదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో వేసే టీకాలు సరిపోతాయా? ప్రైవేటులో వేరేవి కూడా చెబుతున్నారు.

ప్రాణం తీసే జబ్బులకు కావాల్సిన టీకాల్లో చాలావరకు ప్రభుత్వ పట్టికలోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. పుట్టగానే టీబీకి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, పోలియో, విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా. న్యుమోనియా టీకా ఆరు, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు. తట్టు, రుబెల్లాకు కలిపి వేసే ఎంఆర్ తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది. రోటావైరస్ టీకాను ప్రభుత్వం 2016లో మొదట నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లోనే.

ప్రైవేటులో అదనంగా చెప్పేవి ఆటలమ్మ, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ఫ్లూ, గవదబిళ్లలు. ప్రభుత్వం వేసే ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా కలిసి ఉండదు, అందుకే డాక్టర్లు అది కూడా కలిసిన ఎంఎంఆర్ అంటారు. చేతిలో డబ్బుంటే వేయించండి. అన్నీ కుదరకపోతే ముందు టైఫాయిడ్ టీకా వేయించడం మంచిదని నా అభిప్రాయం. మన నీళ్ల సంగతి మనకు తెలిసిందే.

అసలు సమస్య టీకాలు లేకపోవడం కాదు, బూస్టర్లు మరిచిపోవడం. ఏడాది నిండేదాకా కార్డు జాగ్రత్తగా బీరువాలో పెడతారు, ఆ తర్వాత అది ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. పదహారు నెలల తర్వాత ఒకటి, ఐదారేళ్లకు ఒకటి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా) బూస్టర్ పడాలి. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) పడాలి. ఇవి ఎగ్గొట్టినవాళ్లలోనే కంఠసర్పి మళ్లీ తలెత్తుతోంది. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఆ కేసులు ఇప్పటికీ వస్తుంటాయి. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడకుండా చేసే జబ్బు అది.

ఒక డోసు తప్పిపోయింది. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. కార్డు తీసుకుని ఏఎన్‌ఎం (టీకాలు వేసే ప్రభుత్వ నర్సు) దగ్గరికి వెళ్లండి, కార్డు పోయినా సరే వెళ్లండి. కొద్దిపాటి జలుబు, దగ్గు ఉన్నాయని టీకా వాయిదా వేయక్కర్లేదు.

పాపకు అమ్మవారు పోసింది. మందులు వాడకూడదని అత్తగారు అంటున్నారు.

ఆటలమ్మ ఒక వైరస్ వల్ల వస్తుంది. పెద్దవాళ్ల పద్ధతిలో మంచి చాలా ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. గుమ్మానికి వేపాకు కట్టడం, బయటివాళ్లను రానివ్వకపోవడం, బిడ్డను గడప దాటనివ్వకపోవడం ఇవన్నీ రోగం ఊళ్లోకి పాకకుండా ఆపేవే. వేపరెమ్మతో మెల్లగా రాస్తే దురద తగ్గుతుంది, గోళ్లతో గోకడం తప్పుతుంది.

తేడా వచ్చేది మూడు చోట్ల. ఒకటి, తొమ్మిది రోజులో పదకొండు రోజులో స్నానం చేయించకపోవడం. చెమట, మురికి చేరి పొక్కులు చీము పడతాయి. గోరువెచ్చని నీళ్లతో రోజూ మెల్లగా పోయొచ్చు, తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. రెండు, ఉప్పూ పప్పూ మాన్పించి చప్పిడి తిండి పెట్టడం. జ్వరంలో ఉన్న బిడ్డకు బలం కావాలి, తినగలిగింది ఏదైనా పెట్టొచ్చు. మూడు, మందు తాకనివ్వకపోవడం. జ్వరానికి డాక్టరు చెప్పిన పారాసెటమాల్ వేయొచ్చు. ఆస్పిరిన్ మాత్రం వేయనే కూడదు, ఆటలమ్మలో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఐబుప్రోఫెన్ కూడా వద్దు.

పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. అన్ని పొక్కులూ ఎండి పెచ్చు కట్టేదాకా, అంటే సుమారు వారం, ఇంట్లోనే ఉంచాలి. ఇంట్లో గర్భిణి గానీ పురిటి బిడ్డ గానీ ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణికి, కడుపులోని బిడ్డకు ఇది ప్రమాదకరం. అత్తగారితో వాదన పెట్టుకోకండి. వేపాకు ఆవిడ కడతారు, పారాసెటమాల్ మీరు వేయండి.

తట్టు కూడా అలాంటిదే కదా?

కాదు, దానికంటే పెంకిది. తట్టు వచ్చిన ఒక్క బిడ్డ నుంచి టీకా లేనివాళ్లలో 12 నుంచి 18 మందికి అంటుతుంది. ఆ బిడ్డ గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటలదాకా వైరస్ గాలిలో ఉంటుంది. మొదట జలుబు, దగ్గు, కళ్ల ఎరుపు, బాగా జ్వరం ఉంటాయి. మూడు నాలుగు రోజులకు చెవుల వెనక నుంచి దద్దు మొదలై కిందికి దిగుతుంది. న్యుమోనియా, విరేచనాలు, కంటిచూపు దెబ్బతినడం, మెదడువాపు దీని వెంట రావొచ్చు. తట్టు అని తేలితే విటమిన్-ఎ ఇస్తారు. టీకా పడని పిల్లలు తట్టు ఉన్నవారి దగ్గర ఉండి వస్తే మూడు రోజుల్లోపు టీకా వేయించినా చాలావరకు ఫలితం ఉంటుంది. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) కబురు చేయడం మరవకండి, ఒక్క కేసు వెనక పది దాగి ఉంటాయి.

విరేచనాలకు ఏం చేయాలి? షాపులో ఓఆర్ఎస్ అని పళ్లరసంలా ఉన్న డబ్బా ఇచ్చారు.

ఆ డబ్బా పక్కన పెట్టండి. ఓఆర్ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉప్పు, గ్లూకోజు లెక్కగా కలిపిన పొడి. లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. పేరు మాత్రం ఓఆర్ఎస్ అని పెట్టుకుని చక్కెర దండిగా పోసిన డబ్బాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా లాగి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్లపాటు ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోండి.

ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే కలపాలి, సాధారణంగా లీటరు. సగం పొడి సగం గ్లాసులో వేసి ఉజ్జాయింపుగా కలపకండి. కలిపినవి 24 గంటల్లో వాడి మిగిలినవి పారబోయాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ప్యాకెట్టు దొరికేదాకా ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ ఇవ్వొచ్చు. తల్లిపాలు ఆపకూడదు, అన్నమూ ఆపకూడదు. దీంతోపాటు జింక్ పద్నాలుగు రోజులు వేయాలి. రెండో రోజుకే విరేచనాలు కట్టాయని జింక్ మానేస్తుంటారు, మానకండి. మళ్లీ రాకుండా కాపాడేది ఆ మిగతా రోజులే.

కళ్లకలక వచ్చినవాళ్లను చూస్తే వస్తుందా?

రాదు. వాళ్ల కంటి నీరు తగిలిన చెయ్యి, తువ్వాలు, దిండు మన కంటికి తగిలితే వస్తుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే వెలుతురు గుచ్చుకోకుండా హాయిగా ఉంటుంది, అంతే. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేయకండి, తల్లిపాలూ కంట్లో పిండకండి.

రక్తపరీక్షలో "టైఫాయిడ్ ఛాయలు" ఉన్నాయన్నారు.

ఛాయలు అనే జబ్బు లేదు. ఇది ఎక్కువగా విడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష చూసి అనే మాట. పాత ఇన్ఫెక్షనైనా, టీకా వేయించినా, వేరే జ్వరాలైనా అది పాజిటివ్ చూపించవచ్చు. టైఫాయిడ్ నిజంగా అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించాలి. జ్వరం వచ్చిన రెండో రోజే సూదిమందు, సెలైన్ బాటిల్ ఎక్కించే అలవాటు మన ఊళ్లలో బాగా ముదిరింది. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు, తర్వాత అవసరమైనప్పుడు కూడా పనిచేయకుండా పోయే ముప్పు ఉంది.

దగ్గు సిరప్పు?

రెండేళ్లలోపు వద్దే వద్దు, ఐదేళ్లలోపు కూడా మామూలుగా అక్కర్లేదు. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, గోరువెచ్చని నీళ్లు తాగించి, బాగా విశ్రాంతి ఇస్తే చాలు. ఏడాది దాటినవాళ్లకు కాస్త తేనె నాకించొచ్చు. పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

డెంగీలో ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోతే భయపడాలి?

అంకె కంటే బిడ్డను చూడండి. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడు వస్తుంది, సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. "జ్వరం పోయింది, గండం గడిచింది" అని అందరూ ఊపిరి పీల్చుకునే సమయం అదే. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు కాళ్లు, మగత, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరాలి. నీళ్లు, ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండాలి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాడకూడదు. బొప్పాయి ఆకు పసరు తాగించి వాంతులు తెప్పించుకుని ఒంట్లో ఉన్న నీరు పోగొట్టుకోకండి.

దీన్ని మోసే దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కూలర్ ట్రే, ఫ్రిజ్ వెనక పళ్లెం, మేడ మీద పాత టైరు, పూలకుండీ కింద మూకుడు, మూత లేని డ్రమ్ము దాని ఇళ్లు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి నిల్వ నీళ్లన్నీ పారబోయమని శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. నీళ్లు ఒంపితే చాలదు, గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. పీచుతో రుద్ది కడిగి ఆరబెట్టాలి.

ఏ జబ్బుకు ఎన్నాళ్లు బడి మాన్పించాలి?

జ్వరమైతే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి. పొద్దున్నే పారాసెటమాల్ పట్టించి యూనిఫాం తొడిగి పంపితే, పదకొండింటికి మందు దిగాక క్లాసులో మళ్లీ కాలుతుంటాడు, ఈలోపు పదిమందికి పంచేసి ఉంటాడు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో సెలవు దొరకని కష్టం నాకు తెలుసు. కానీ పరీక్ష ఉందనో, నూరు శాతం హాజరు బహుమతి ఇస్తారనో పంపడం మాత్రం క్షమించరానిది. ఆ బహుమతులు బడులు ఎత్తేస్తే బాగుంటుంది.

విరేచనాలు ఆగాక రెండు రోజులు ఇంట్లో ఉంచాలి. తట్టుకు దద్దు వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు, గవదబిళ్లలకు వాపు మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బుకు జ్వరం తగ్గి పొక్కులు ఎండేదాకా ఆగాలి. ఆ వైరస్ మలంలో వారాల తరబడి వస్తుంది కాబట్టి బడికి వెళ్లాక కూడా చేతులు కడగడం ముఖ్యం. పేలకు బడి మాన్పించక్కర్లేదు.

హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా గజ్జి తెస్తున్నాడు.

గజ్జి చర్మం కింద దూరే సన్నటి పురుగు వల్ల వస్తుంది. రాత్రి దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుం చుట్టూ ఉంటుంది. ఒక్కడికే పూస్తే పోదు. ఇంట్లో అందరూ, హాస్టల్లో ఆ గదివాళ్లంతా ఒకే రాత్రి పూసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. పెర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కిందా పూసి పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెడితే పురుగు చస్తుంది. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, దానికి భయపడి రోజూ పూయకండి.

తాతయ్యకు టీబీ అని తేలింది. పిల్లల సంగతి?

పిల్లలకు టీబీ ఎక్కువగా ఇంట్లో పెద్దల నుంచే వస్తుంది. బీసీజీ వేశారు కదా అని ఊరుకోవద్దు. అది పసిపిల్లల్లో మెదడు టీబీ లాంటి ప్రాణాంతక రూపాల నుంచి కాపాడుతుంది గానీ ఊపిరితిత్తుల టీబీని పూర్తిగా ఆపదు. ఇంట్లో పిల్లలందరినీ చూపించండి. జబ్బు లేదని తేలినా ముందుజాగ్రత్త మందు ఇస్తారు, ప్రభుత్వంలో ఉచితం.

ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి?

మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం. పాలు తాగకపోవడం. ఫిట్స్. లేపినా కళ్లు తెరవకపోవడం. ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, కళ్లు లోపలికి పోవడం. విరేచనంలో రక్తం. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం. బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40: లెక్క ఇంతకు చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి.

కుక్క కరవలేదు, గోరు గీరింది అంతే అంటున్నాడు.

గీరినా చూపించాలి. తిడతారని పిల్లలు కరిచిన సంగతి దాచేస్తారు, కాబట్టి ముందు తిట్టకుండా అడగండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి, అడిగి మరీ వేయించండి. కుక్క మన వీధిదే, రోజూ చూసేదే అని మధ్యలో డోసు మానేయకండి.